మంచులోంచి బయటపడే పాత సూక్ష్మజీవులు: పిల్లలకు ఏం చెప్పాలి?

అందరికీ నమస్కారం. నేను గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. "జాంబీ వైరస్" వీడియోలు చూసి మా తొమ్మిదో తరగతి పిల్లలు బాగా టెన్షన్ పడుతున్నారు. మంచు కరిగితే ఆ వైరస్ కృష్ణలో కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీకి చేరుతుందా అని ఒకమ్మాయి అడిగింది. కృష్ణ పుట్టేది మహాబలేశ్వర్ కొండల్లో, అక్కడ హిమానీనదాలే లేవని చెప్పి ఆ భయం తీర్చాను. మిగతాది అంత తేలిక కాదు.

సైబీరియా మంచునేలలో దొరికి, ఫ్రాన్స్ ల్యాబులో మళ్లీ బతికిన 30 వేల ఏళ్ల నాటి పిథోవైరస్ సోకేది అమీబాలకే. నాకు అసలు భయం ఆంత్రాక్స్ గురించి. మనం దొమ్మ రోగం అనేది ఇదే, పశువులకూ వాటి నుంచి మనుషులకూ సోకే బ్యాక్టీరియా జబ్బు. 2016 వేసవిలో సైబీరియాలోని యమాల్ ద్వీపకల్పంలో అది ప్రబలి 2 వేలకు పైగా రెయిన్‌డీర్లు చచ్చిపోయాయి, 12 ఏళ్ల బాబు ప్రాణం పోయింది. నేల కరిగి పాత కళేబరాల్లోని స్పోర్లు (నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియా రూపాలు) పైకి రావడమే కారణమని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. పైగా అక్కడ 2007లోనే రెయిన్‌డీర్లకు టీకాలు ఆపేశారు.

ఇది విని ఒక పిల్లాడు లేచి, దొమ్మ రోగంతో చచ్చిన గేదెను వాళ్ల తాత పొలం గట్టు పక్కన పాతిపెట్టాడని, ఇప్పుడు అక్కడే బోరు వేయబోతున్నారని చెప్పాడు. మంచు లేకపోయినా ఆ స్పోర్లు మట్టిలో దశాబ్దాల పాటు బతికే ఉంటాయి కదా!

పశువైద్యులు, మైక్రోబయాలజీ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. అలాంటి చోట తవ్వకూడదా? మట్టి పరీక్ష మన దగ్గర ఎక్కడ చేస్తారు? ఇప్పుడు పశువులకు వేసే టీకా అంత పాత స్పోర్ల మీద కూడా పనిచేస్తుందా? వాళ్లు బోరు పని మొదలుపెట్టేలోపు తెలిస్తే మేలు.