యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ లైబ్రరీలో ఉండాలా, కెర్నల్‌కే వదిలేయాలా?

చర్చ ప్రారంభించినవారు:
క్రిప్టోగ్రఫీ లైబ్రరీలు (సమాచారాన్ని రహస్యంగా ఉంచడానికి ప్రోగ్రామ్‌లు వాడుకునే సిద్ధ కోడ్) సొంత యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్‌ను పెట్టుకోవడం మానేసి, ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌లో మూలభాగమైన కెర్నల్‌కే అప్పగించాలన్నది నా వాదన. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో జరిగిన ఉదంతమే ఇందుకు సాక్ష్యం. ప్రారంభ విలువ ఇవ్వని మెమరీని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే క్రిప్టోగ్రఫీ లైబ్రరీ చదువుతోందని, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రిండ్ అనే సాధనం హెచ్చరిస్తుంటే, ఆ హెచ్చరికను వదిలించుకోవడానికి 2006లో ఆ లైబ్రరీ కోడ్‌లో ఒకేలా కనిపించే రెండు పంక్తులను అమలు కాకుండా కామెంట్‌గా మార్చారు. ఒకటి పోయినా నష్టం లేదు. రెండోది మాత్రం సేకరించిన ఎంట్రోపీని (ఎవరూ ఊహించలేని యాదృచ్ఛికతను) పూల్‌లో, అంటే దాన్ని పోగుచేసే నిల్వలో, కలిపే పంక్తి. దాంతో సీడ్‌లో, అంటే జనరేటర్ మొదలయ్యే విలువలో, నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే సంఖ్య (ప్రాసెస్ ఐడీ) ఒక్కటే మిగిలింది, అంటే మహా అయితే 32,768 విలువలు. 2008 మే దాకా ఈ సంగతి బయటపడలేదు.

మొదటి ప్రత్యుత్తరం:
అది ప్యాకేజీని సవరించినవారి పొరపాటు, దాన్ని లైబ్రరీ నిర్మాణానికి అంటగట్టడం న్యాయం కాదు. కెర్నల్ మాత్రం తక్కువ తిన్నదా? 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, వెబ్ సంభాషణను రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్ సర్వర్లలో 0.5 శాతం యంత్రాల ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ (రహస్య) కీలు, బహిరంగంగా ఉండే కీల మధ్య కేవలం గసాభా లెక్కతో బయటపడ్డాయి. రౌటర్ల వంటి పరికరాలు మొదటిసారి బూట్ అయ్యేటప్పుడే కీ తయారు చేసుకుంటాయి. అప్పటికి లినక్స్ పూల్‌లో ఎంట్రోపీ చేరకపోయినా, ఆ కెర్నల్‌లో యాదృచ్ఛిక అంకెలిచ్చే యూరాండమ్ ఆ మాట చెప్పకుండా అంకెలు ఇచ్చేసేది. కెర్నల్ ఇచ్చినదానికి లైబ్రరీ కూడా తనవంతు కలపడమే మేలు.

చర్చ ప్రారంభించినవారు:
ఆ కీలు అంత తేలిగ్గా ఎందుకు విడిపోయాయో చూడండి. ఆర్‌ఎస్‌ఏ బహిరంగ కీలో ఉండేది రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఒకే స్థితి నుంచి మొదలైన రెండు పరికరాలకు మొదటి ప్రధాన సంఖ్య ఒకటే వచ్చింది. అప్పటి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంకెలు తీసుకున్న ప్రతిసారీ గడియారపు సెకన్లను తన పూల్‌లో కలిపేది కాబట్టి, మధ్యలో సెకను మారినచోట రెండో ప్రధాన సంఖ్య వేరైంది, ఉమ్మడిగా ఉన్న మొదటిది గసాభాగా దొరికిపోయింది. ఏమీ కలపకపోతే రెండింటికీ ఒకే కీ వచ్చేది. అదీ ప్రమాదమే, కానీ గసాభాకు దొరికేది కాదు. మీరు మేలంటున్న కలపడమే ఇక్కడ కొంప ముంచింది. ఇక కెర్నల్ లోపం సంగతంటారా, 2014లో లినక్స్ 3.17తో వచ్చిన గెట్‌రాండమ్ పిలుపు (ప్రోగ్రామ్ కెర్నల్‌ను అంకెలడిగే మార్గం) పూల్ సిద్ధమయ్యేదాకా ఆగుతుంది.

మొదటి ప్రత్యుత్తరం ఇచ్చినవారు:
సెకన్ల సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే గెట్‌రాండమ్ లేని పాత కెర్నల్ మీద ఏళ్ల తరబడి నడిచే పరికరాలు ఇంకా ఉన్నాయి. అక్కడ నా కోడ్ ఇకపై సొంతంగా ఏదీ కలపదు, పూల్ నిండిందని నిర్ధారణ కాకపోతే కీ తయారు చేయకుండా ఆగిపోతుంది. డిజిటల్ సంతకాల దగ్గర మాత్రం కెర్నల్‌ను కూడా నమ్మను. ఈసీడీఎస్‌ఏ అనే సంతకాల పద్ధతిలో ఒకే కీతో రెండు వేర్వేరు సందేశాలపై చేసిన సంతకాలకు ఒకే నాన్స్ (ఒక్కసారే వాడాల్సిన రహస్య సంఖ్య) పడితే, మామూలు బీజగణితంతో ప్రైవేట్ కీ చేతికొస్తుంది. 2010లో ప్లేస్టేషన్ 3 విషయంలో జరిగింది అదే. 2013 నాటి ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6979 చెప్పినట్టు నాన్స్‌ను సందేశం నుంచి, కీ నుంచి లెక్కగట్టుకుంటే అక్కడ జనరేటర్ అవసరమే ఉండదు.