చెకుముకి తుపాకి అనొచ్చా?

విశాఖపట్నం నుంచి, ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక చారిత్రక ధారావాహికకు తెలుగు ఉపశీర్షికలు సరిచూసే పని నాకొచ్చింది. కథాకాలం 1757 జనవరి, బొబ్బిలి కోట ముట్టడి. కోట మీది బంట్ల చేతుల్లో ఒక రకం, ఫ్రెంచి సేనాని బుస్సీ సిపాయిల చేతుల్లో ఇంకో రకం, దొర చేతిలో మూడో రకం తుపాకి కనిపిస్తున్నాయి. నాకన్నా ముందు రాసినవాళ్లు మూడింటికీ 'రైఫిల్' అనే రాశారు. అది నా మనసుకు ఎక్కలేదు. అన్నిటికీ 'తుపాకి' అని పెడితే తప్పు కాదు గానీ, ఒకచోట సిపాయి "వాళ్లవి పాతవి, వాన పడితే పనికిరావు" అంటాడు. అక్కడ ఏ రకమో తెలియాలి కదా. తెలుగులో ఈ రకాలకు విడివిడిగా మాటలున్నాయా? మూడు బొమ్మలు జత చేశాను.

కర్నూలు నుంచి:
అమ్మా, మాటల కన్నా ముందు బొమ్మలు చూద్దాం. పాత తుపాకిని గుర్తుపట్టాలంటే గొట్టం పొడవు చూసి లాభం లేదు. మీటకు పైన, పక్కన ఉండే మరను చూడాలి. లోపలి మందుకు నిప్పు ఎట్లా అంటుతుందో అక్కడే తెలుస్తుంది.

మొదటి బొమ్మలో ఒక ఇనుప వంకీ ఉంది, దాని కొనకు తాడు చుట్టి ఉంది, తాడు చివర ఎర్రగా రగులుతోంది. అది వత్తి. మీట నొక్కితే వంకీ వంగి, రగిలే కొనను పక్కనున్న చిన్న పళ్లెంలోని మందుకు తాకిస్తుంది. పళ్లెంలో మందు భగ్గుమని, సన్నని బెజ్జం గుండా మంట లోపలికి పోయి, అప్పుడు గొట్టం పేలుతుంది. హిందుస్తానీలో దీన్ని తోడేదార్ బందూకు అనేవారు, తోడా అంటే ఆ వత్తే. కాబట్టి మనకు 'వత్తి తుపాకి'. పాలెగాళ్ల, జమీందార్ల మనుషుల చేతుల్లో 18వ శతాబ్దంలోనే కాదు, 19వ శతాబ్దంలోనూ ఇవి ఉన్నాయి. ఆ బంటు చేతిలో ఇది పెట్టినవాళ్లను మెచ్చుకోవాలి.

రెండో బొమ్మలో వత్తి లేదు. రెండు దవడల మధ్య తోలుముక్కలో బిగించిన రాయి ఉంది చూడండి. మీట నొక్కగానే ఆ రాయి పోయి ఎదురుగా నిలబడ్డ ఉక్కు పలకను గీరుతుంది, పలక వెనక్కి పడి పళ్లెం తెరుచుకుంటుంది, రవ్వలు మందు మీద రాలుతాయి. ఆ పలకే పళ్లేనికి మూత కూడా. అందుకే చినుకుల్లో వత్తి తుపాకి కన్నా కొంచెం నయం, బాగా తడిస్తే ఇదీ మొరాయిస్తుంది. ఫ్రెంచివాళ్లు 1717లోనే ఇలాంటిదాన్ని తమ కాల్బలం అంతటికీ ఒకే నమూనాగా పెట్టుకున్నారు. దాదాపు ఐదడుగుల పొడవు. బుస్సీ సిపాయికి సరిపోయింది. దీన్ని 'చెకుముకి తుపాకి' అనండి.

మూడోది మాత్రం తప్పు. దాంట్లో రాయి లేదు, పలక లేదు, పళ్లెం లేదు. సుత్తి లాంటిది నేరుగా ఒక చిన్న మొలక మీద పడుతోంది, మొలకకు రాగి టోపీ తొడిగి ఉంది. దెబ్బ తగిలితే మండే రసాయనంతో తుపాకి పేల్చే పద్ధతికి ఫోర్సైత్ అనే స్కాట్లండు మతగురువు 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగి టోపీ ఆ తర్వాతి మాట. 1757లో ఏ దొర చేతికీ అది వచ్చే దారి లేదు. ఉత్తరాదిన దీన్ని టోపీదార్ అనేవారు. మీరు బొమ్మను మార్చలేరు కాబట్టి అక్కడ ఉత్త 'తుపాకి' అని వదిలేయండి.

ఇక రైఫిల్ అంటే గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉండాలి. ఈ సిపాయిల తుపాకుల గొట్టాలు లోపల నున్నగా ఉండేవి. ఆ మాట ఇక్కడ ఎక్కడా వద్దు.

నెల్లూరు నుంచి:
వివరం చాలా బాగుంది మాస్టారూ. కానీ 'చెకుముకి తుపాకి' అనేది ఫ్లింట్‌లాక్ అనే ఇంగ్లీషు మాటను చూసి మనం ఇప్పుడు అతికించుకున్నదేమో అని నా అనుమానం. దానికన్నా ఇంగ్లీషువాళ్ల 'మస్కెట్' మాటనే ఉంచేస్తే నిజాయితీగా ఉండదా? ఇంకొకటి, తుపాకి అచ్చ తెలుగే అని మా నాన్నగారు అనేవారు, 'తుప్' మని ఉమ్మినట్టు గుండును ఉమ్ముతుంది కాబట్టి.

కర్నూలు నుంచి:
మీ నాన్నగారి మాట వినసొంపుగా ఉంది గానీ నిలవదు. తుపాకి తురకభాషల నుంచి వచ్చింది. టర్కీలో ఇప్పటికీ తుపాకిని త్యుఫెక్ అంటారు, పారశీకంలో తుఫంగ్. తమిళంలో తుప్పాక్కి, కన్నడంలో తుపాకి. మందు కనిపెట్టక ముందు ఆ తురక మాటకు ఊదుడు గొట్టం అని అర్థం, నోటితో ఊది పిట్టల్ని కొట్టేది. మందు వచ్చాక పేరు కొత్త గొట్టానికి మారింది.

చెకుముకిదీ అదే దారి. పిల్లల సైన్సు పత్రికకు కూడా ఆ పేరు పెట్టుకున్నాం, అంతగా మనదైపోయింది. కానీ దాని మూలం చక్మక్, తురకంలో కొట్టడం, నిప్పు రాజేయడం. ఇస్తాంబుల్లో ఈరోజు సిగరెట్ లైటరును చక్మక్ అనే అడుగుతారు. వాళ్ల భాషలో ఈ రాయి తుపాకి పేరు ఏమిటో తెలుసా? చక్మక్లీ త్యుఫెక్. అక్షరాలా మన చెకుముకి తుపాకే. రెండు మాటలూ ఒకే చోట పుట్టి, వేరువేరుగా మన ఊళ్లకు వచ్చి, ఇక్కడ మళ్లీ పక్కపక్కన కూర్చుంటే అతుకు అనడం న్యాయం కాదు. మస్కెట్టే మనకు పరాయిది, అది ఇటాలియన్లో ఈగ అనే మాట నుంచి పుట్టింది.

హైదరాబాద్ నుంచి:
మా దిక్కు తుపాకికి బందూకే ఎక్కువ అంటరు అన్నా. అరబ్బీల బందూక్ అంటే ఓ కాయగింజ, దాని తీరు గుండ్రంగ ఉన్నదని గుండుకు ఆ పేరు, ఆడికెంచి తుపాకికి. కని తుపాకి మాట గూడ మస్తు బలమున్నది మా దగ్గర. పిట్టల దొరను తుపాకి రాముడు అనే పిలుస్తరు. నెత్తి మీద దొర టోపీ, ఖాకీ బట్టలు, భుజాన కట్టె తుపాకి, ఇంగ అన్నీ కోతలే. ఇప్పుడు మీరు ఊదుడు గొట్టంతోని పిట్టలు కొట్టుడు అంటే నాకు ఆయనే యాదికొచ్చిండు.

ఇంకో మాట. తోపు గూడ తురకమే. తోప్ అంటే వాళ్లకు బంతి, తర్వాత ఫిరంగి. ఇస్తాంబుల్ల తోప్కాపీ అంటే ఫిరంగి దర్వాజ. మా హైదరాబాద్ల గన్‌ఫౌండ్రీ పాతపేరు తోప్ కా సాంచా, నిజాం కొలువుల ఉన్న ఫ్రెంచి దొర రేమండ్ ఆడ ఫిరంగులు పోత పోయించిండు. "నువ్వేమన్న పెద్ద తోపువా" అని పోరగాళ్లు అంటుంటే, ఆ మాట ఫిరంగిదే అని నా నమ్మకం. మామిడితోపు వేరు, అది కలుపొద్దు.

విశాఖపట్నం నుంచి:
ఇంత వస్తుందనుకోలేదు. మాస్టారూ, ఇంకో సందేహం. ఒక దృశ్యంలో "తూటా తగిలి కూలాడు" అని ఉంది. ఆ కాలానికి తూటా సరేనా?

కర్నూలు నుంచి:
అక్కడ 'గుండు తగిలి' అనండి. తూటా అంటే మొదట కాగితపు పొట్లం, లోపల కొలిచిన మందూ, ఒక గుండూ. సిపాయి దాన్ని పళ్లతో చింపి, మందు గొట్టంలో పోసి, గుండు వేసి, ఇనుప కడ్డీతో దట్టించాలి. 1857లో గొడవ ఆ పళ్లతో చింపడం దగ్గరే వచ్చింది, పొట్లానికి పూసిన కొవ్వు ఏ జంతువుదని. (అప్పుడు సిపాయిలకిచ్చిన ఎన్‌ఫీల్డు తుపాకి మాత్రం నిజంగా రైఫిలే.) మనిషికి తగిలేది గుండు, తూటా కాదు. లోహపు గొట్టంలో మందూ గుండూ ఒకటిగా వచ్చాక రెండు మాటలూ కలిసిపోయాయి.

నాకు వీటన్నిటిలో ప్రాణమైన మాట 'మందు'. రోగానికీ మందే, తుపాకికీ మందే, సారాకూ మందే. హిందుస్తానీ దారూకూ ఈ మూడు అర్థాలున్నాయి. చీనావాళ్లు తుపాకి మందును మొదట కనిపెట్టినప్పుడు పెట్టిన పేరే 'నిప్పు మందు', అమరత్వానికి మందు వెతికేవాళ్ల చేతుల్లోనే అది పుట్టింది. మందుగుండు అన్నప్పుడల్లా మనకు తెలియకుండానే వెయ్యేళ్ల కిందటి వైద్యుల్ని తలుచుకుంటున్నాం.

విశాఖపట్నం నుంచి:
సిపాయి మాట ఇలా మార్చాను: "వాళ్లవి వత్తి తుపాకులు. నాలుగు చినుకులు పడితే వత్తి కొండెక్కుతుంది." బాగుందా?

నెల్లూరు నుంచి:
కొండెక్కడం దేవుడి దీపానికి అంటాం అమ్మా, ఆరిపోయిందనడం అశుభమని. శత్రువు తుపాకికి ఆ మర్యాద ఎందుకు? 'ఆరిపోతుంది' అనే పెట్టండి. చెకుముకి తుపాకి సంగతి నేను ఒప్పుకున్నాను.