బోనాల తీన్‌మార్: ముసురులో డప్పు దిగిపోతోంది, వేగం ఆగట్లేదు

లష్కర్_దరువు అడిగిన ప్రశ్న:

ఆషాఢంలో లష్కర్ (సికింద్రాబాద్) బోనాలకు ఎనిమిది డప్పుల జట్టు. ఆరు తోలువి, రెండు ఫైబర్‌వి (తోలు బదులు ప్లాస్టిక్ షీటును బోల్టులతో బిగించినవి). సాయంత్రం ముసురు పట్టిందంటే తోలు డప్పులు పావుగంటకే బద్‌బద్‌మంటున్నాయి. మంటకు ఎంత దూరంలో పట్టాలి, ఎంతసేపు కాగబెట్టాలి? అన్నీ ఫైబర్‌కి మార్చేస్తే మేలా? ఇంకో సంగతి, తీన్‌మార్ దరువు ఎత్తుకున్న పది నిమిషాలకే వేగం పెరిగిపోతోంది, వెనక వరస ముందు వరసతో కలవట్లేదు. కొరడాతో ఆడే పోతరాజు ఎదురుగా వచ్చినప్పుడు మరీ. తెలిసిన అన్నలు వివరంగా చెప్పండి.

చిర్ర_దెబ్బ:

తమ్మీ, మేకతోలు గాలిల ఉన్న తేమను గుంజుకుంటది. గుంజుకుంటే సాగుతది, సాగితే బిగువు పోతది. వానకాలం పండుగకు ఇది తప్పది. ఒక్కసారే గట్టిగా కాగబెడితే రాత్రిదాక నిలుస్తదనుకునుడే తప్పు. కొంచెం కొంచెం, మాటిమాటికి కాగబెట్టాలె.

ఎండు గడ్డి, అట్టముక్కలు అంటువెట్టి, మంట లేచి పడినంక డప్పు పట్టు. తోలుకు సెగ తగలాలె, మంట నాలుక తగలొద్దు. ఎంత దూరమంటే, తోలు ఉండే కాడ నీ అరచెయ్యి పెట్టి చూడు. అయిదు లెక్కపెట్టేదాక ఓర్చుకోగలిగితే అది సరైన దూరం. చట్రాన్ని రెండు చేతుల పట్టుకొని బండి స్టీరింగు లెక్క తిప్పుకుంటనే ఉండు. నడుమ తొందరగ ఎండుతది, అంచు ఆలస్యం. చాలామంది నడిమిట్లనే చూపిస్తరు, అంచు పచ్చిగనే ఉండిపోతది, రెండు పాటలకే మళ్ల దిగుతది.

అర నిమిషానికోసారి పక్కకు తీసి వేలితోని కొట్టి విను. మొదలు బద్, తర్వాత డబ్, ఆఖరుకు టంగ్. టంగ్ అనేదాక ఆగొద్దు, దానికి కొంచెం ముందుగాలనే మంట కాడ నుంచి తియ్యి. తీసినంక కూడ తోలు వేడి మీద ఇంకో నిమిషం బిగుసుకుంటనే ఉంటది. ఎక్కువైతే తోలు గోధుమరంగు తిరిగి, వెంట్రుకలు కాలిన వాసన వస్తది. ఆ జాగ మళ్ల సాగదు, దరువు మధ్యల అంచు కాడ చీలుతది.

వాన చినుకులు పడ్డ డప్పును మాత్రం నేరుగ మంట కాడికి తీసుకపోవద్దు. పొడిగుడ్డతోని తుడిచి, గాలికి పెట్టి, తడి పోయినంకనే సెగ చూపాలె. తడితోలుకు వేడి తగిలితే ఉడికినట్టు ముడుచుకపోతది, అది మళ్ల బాగుకాదు. మంటల ప్లాస్టిక్ కవర్లు వెయ్యకు, ఆ పొగ జిడ్డు తోలుకు పడుతది. కిరోసిన్ పోసి ఎగదోసుడు అసలే వద్దు.

ఆరు తోలు డప్పులల్ల ఎప్పుడూ రెండు మంట కాడ, నాలుగు వాయింపుల ఉండేటట్టు వంతులు పెట్టుకో. కాగబెట్టేతందుకు ఒక్క మనిషిని వేరేగ పెట్టు, వాయించేటోళ్లకు ఆ పని చెప్పకు.

బోల్టు_స్పానర్:

ఫైబర్ గురించి. అన్నీ మార్చకండి. ఫైబర్ చినుకుల్లో దిగదు, కానీ చిర్ర (కుడిచేతి పొట్టి కర్ర) నడిమధ్య పడ్డప్పుడు తోలు ఇచ్చే ఆ బరువైన గుమ్ము దానికి రాదు. టన్‌టన్‌మని పైనే మోగుతుంది. ఎనిమిదింట్లో రెండు మంచి లెక్కే. వరసకు రెండు కొసల్లో ఒక్కొక్కటి పెడితే, తోలువి దిగినా జట్టుకు వినిపించేందుకు ఒక గట్టి చప్పుడు ఉంటుంది.

బోల్టులు వరసగా గుండ్రంగా బిగించుకుంటూ పోతే ఒక పక్క గుంజేసి షీటు ముడత పడుతుంది. ఒకటి బిగించాక దాని ఎదురుగా ఉన్నది, ఒక్కోసారి పావు తిప్పు మాత్రమే. తర్వాత ప్రతి బోల్టుకు అంగుళం లోపల పుల్లతో తట్టి వినండి, అన్నిచోట్లా ఒకే శ్రుతి రావాలి. తక్కువున్నచోట బిగించండి. మోత ఎక్కువగా సాగుతుంటే లోపలివైపు అంచు దగ్గర రెండువేళ్ల వెడల్పు గుడ్డముక్క టేపుతో అంటిస్తే చాలు.

ముఖ్యమైన జాగ్రత్త: హడావిడిలో తోలువాటితో పాటు ఫైబర్ డప్పును కూడా సెగకు పట్టేస్తుంటారు. షీటు మెత్తబడి ఉబ్బుతుంది, కొత్తది వెయ్యాల్సిందే. చట్రానికి ఎర్ర టేపు చుట్టి గుర్తు పెట్టండి.

సిటికెన_పుల్ల:

వేగం సంగతి ఎడమచేతిలో ఉంది. చిర్ర గట్టిగా వినపడుతుంది కాబట్టి అందరూ కుడిచేతిమీదే ధ్యాస పెడతారు. లయను మోసేది మాత్రం ఎడమచేతిలో ఉండే సిటికెన పుల్ల. చిర్ర జానెడు ఉంటే పుల్ల అంతకన్నా నాలుగైదు అంగుళాలు పొడుగు, సన్నగా వంగేలా ఉండాలి. పుల్ల మొన ఒక్కటే తగిలితే చిటుక్కుమంటుంది. అంచు నుంచి లోపలికి పడుకున్నట్టు తోలును తాకితే చట్‌మంటుంది, అదీ కావాల్సింది.

సాధన ఇలా చెయ్యండి. ఆరు లెక్క. ఒకటి, నాలుగు మీద చిర్ర. రెండు, మూడు, అయిదు, ఆరు మీద పుల్ల. లయకు టిక్కులు కొట్టే మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 80 పెట్టుకొని ఒక్కో టిక్కుకు మూడు దెబ్బలు పడేలా పది నిమిషాలు. తర్వాత అయిదు చొప్పున పెంచండి. చిర్ర ఆపేసి పుల్లతోనే వాయించినప్పుడు కూడా లయ నిలబడితే అప్పుడే పై మెట్టు. ఊరేగింపు 105 దగ్గర ఎత్తుకోండి, 120 దాటనివ్వకండి. ఈలలు మొదలయ్యాక అది ఎలాగూ పెరుగుతుంది, మొదట్లోనే పైన ఎత్తుకుంటే ఎక్కడానికి చోటుండదు.

డప్పు దిగినప్పుడూ వేగం పెరుగుతుంది. చప్పుడు సరిపోక చిర్ర గట్టిగా కొడతారు, మణికట్టు బిగుసుకుంటుంది, దెబ్బ ముందుగా పడుతుంది. దిగిన డప్పును గట్టిగా కొట్టొద్దు, మంట దగ్గరికి పంపించండి.

వెనక వరస కలవకపోవడం వాళ్ల తప్పు కాకపోవచ్చు. శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. ముందువాడికి, వెనకవాడికి 20 మీటర్ల దూరముంటే దెబ్బ 0.06 సెకను ఆలస్యంగా వినపడుతుంది. 120 వేగంలో రెండు చిన్న దెబ్బల మధ్య ఎడం 0.17 సెకను, అంటే అందులో మూడో వంతు అక్కడే పోయింది. చెవితో పట్టుకుని వాయిస్తే కలవదు. జట్టంతా ఆరు మీటర్ల లోపు, అర్ధచంద్రంలా నిలబడండి. దరువు మార్చేవాడు నడుమ ఉండి చిర్రను తలపైకెత్తి చూపించాలి. పోతరాజు ఎదురుగా వచ్చినప్పుడు అందరూ ఆయన కాళ్లే చూస్తారు, అక్కడే తప్పుతుంది. ఒక్కడు ఆయన్ని చూస్తే చాలు, వాయిస్తున్న మిగతా అందరి కళ్లు ఆ ఒక్కడి చిర్ర మీద ఉండాలి.

లష్కర్_దరువు:

చాలా థ్యాంక్స్ అన్నలూ. పెళ్లి బరాత్‌లో మర్ఫావాళ్లు వాయించే తీన్‌మార్, ఇదీ ఒకటేనా? మర్ఫా వాయించే ఇద్దరిని కలుపుకుందామని ఒక ఆలోచన ఉంది.

బార్కస్_గల్లీ:

పేరు ఒకటే, చెయ్యి వేరు. మర్ఫా అంటే గిన్నె ఆకారపు వాద్యం. దానితో డఫ్, స్టీలు బిందెలు, తాపీ అనే చెక్కపట్టీలు కలుస్తాయి. నిజాముల కాలంలో హైదరాబాద్‌కొచ్చిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బులు తెచ్చిన వాయిద్యం అది. మాసాబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ (నిజాం గుర్రపు దళం)దే. మా బార్కస్ బస్తీ పేరు కూడా బ్యారక్స్ అన్న మాట నుంచి వచ్చిందే.

కలుపుకోవచ్చు, బాగుంటుంది. కాకపోతే బిందె చప్పుడు సూదిలా ఉంటుంది, సిటికెన పుల్లను మింగేస్తుంది. బిందెను వెనక పెట్టి, మర్ఫాను పక్కన పెట్టండి. కలిసి వాయించేముందు మొదటి దెబ్బ ఎవరిదో తేల్చుకోండి, లేకపోతే ఇద్దరూ లయలోనే ఉంటారు, ఒకరి ఒకటి ఇంకొకరి నాలుగు మీద పడుతుంది.

చిర్ర_దెబ్బ:

రాత్రి పది దాటినంక బయట వాయిద్యాలకు 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు అడ్డుపడుతయి, డప్పుకు కూడ అదే లెక్క. పర్మిషన్ కాయితం ఎన్ని గంటలదాక ఇచ్చిన్రో చూసుకో. అందరి చెవులల్ల ఇయర్‌ప్లగ్‌లు పెట్టించు, ఒట్టి దూది సరిపోదు. ఇంటికొచ్చినంక తడి డప్పును కవర్ల కట్టిపెట్టకు, బూజు పడుతది. గుడ్డసంచిల వేసి, నేలకు తగలకుండ మేకుకు తగిలియ్యి.