షెపర్డ్ తీర్పు రోజు క్లీవ్‌లాండ్ పేపర్ (1966): అసలుదో రీప్రింటో తేల్చడం ఎలా?

ప్రశ్న

ఒహాయోలో పాత సామాన్ల అమ్మకంలో క్లీవ్‌లాండ్ ప్రెస్ మొదటి పేజీ దొరికింది. తేదీ 1966 జూన్ 6. భార్య హత్య కేసులో డాక్టర్ సామ్ షెపర్డ్‌కు పడిన శిక్షను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసిన వార్త. ఒక్క షీటే ఉంది. పసుపుపచ్చగా మారింది, మడత దగ్గర చిరుగు పట్టింది. ఆ రోజు అచ్చయిందేనా? ఎలా దాచాలి? ఈ తీర్పుతోనే ఆయన నిర్దోషిగా బయటపడ్డట్టా?

పాతపత్రికలు

ముందు తేదీ సరిపోతుందో లేదో చూడాలండీ. తీర్పు వచ్చింది సోమవారం పగలు. ప్రెస్ సాయంత్రం పేపరు కాబట్టి అదే రోజు వేయగలిగింది. ప్లెయిన్ డీలర్ అదే ఊరి ఉదయం పేపరు, దాంట్లో 7వ తేదీకి గానీ ఈ వార్త రాదు. 6వ తేదీ ప్లెయిన్ డీలర్‌లో ఇదే వార్త ఉందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. పక్క వార్తలూ చూడండి. జెమినీ 9 వ్యోమనౌక 6న పొద్దున అట్లాంటిక్‌లో దిగింది, సాయంత్రం పేపరుకు అది అందే వార్తే. మిసిసిపీలో జేమ్స్ మెరిడిత్‌పై కాల్పులు జరిగింది ఆ రోజు పొద్దు వాలాక. అది 7వ తేదీ ఉదయం పేపర్లలో కనిపించాలి.

తర్వాత షీటు తిప్పండి. వెనక రెండో పేజీ, దాని వార్తలు, ప్రకటనలు ఉండాలి. ఖాళీగా ఉంటే దాదాపు రీప్రింటే. అప్పటి పెద్ద నగరాల పేపర్లు సీసం ప్లేట్లతో ఒత్తి అచ్చేసేవి. టార్చి లైటు పక్కవాటుగా వేస్తే అక్షరం ఒత్తుకున్న గుర్తు వెనకవైపు కొంచెం తేలుతుంది. 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం (లూప్)లో అక్షరం అంచున సిరా గట్టు కట్టినట్టు కనబడుతుంది. ఒత్తుడు లేకుండా రబ్బరు షీటు మీదుగా సిరా దిగే ఆఫ్‌సెట్ రీప్రింట్‌లో ఈ రెండూ ఉండవు. అచ్చయిన పేజీనే ఫొటో తీసి మళ్లీ వేసి ఉంటే బొమ్మల్లో చుక్క మీద చుక్క పడి గళ్లు గళ్లుగా అలలు వస్తాయి. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు అదే.

కాగితం_డాక్టర్

రంగు చూసి వయసు చెప్పలేం. కిటికీ దగ్గర కొన్ని వారాలుంచితే కొత్త న్యూస్‌ప్రింట్ కూడా పచ్చబడుతుంది. యూవీ లైటు కింద నీలి తెలుపుగా మెరిస్తే కాగితాన్ని అనుమానించండి. మెరవకపోయినంత మాత్రాన పాతదని కాదు, ఇప్పటి న్యూస్‌ప్రింట్‌లో కూడా అలా మెరిపించే తెలుపు రసాయనం సాధారణంగా వేయరు.

దాచే పద్ధతికొస్తే, సెల్లో టేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. కొట్లో దొరికే పీవీసీ కవర్లు సిరాను అంటించుకుంటాయి. 4 మిల్ (సుమారు 100 మైక్రాన్లు) పాలిస్టర్ కవరు తీసుకుని, షీటు వెనక కాల్షియం కార్బొనేట్ కలిపిన ఆమ్లరహిత బోర్డు పెట్టండి. బోర్డు లేకుండా పాలిస్టర్‌లో మూసేస్తే కాగితంలో పుట్టే ఆమ్లం లోపలే నిలిచి ఇంకా తొందరగా పెళుసెక్కుతుంది, ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. చిరుగుకు జపనీస్ టిష్యూ, పల్చటి గోధుమ గంజి చాలు, వెనకవైపు నుంచే అంటించాలి. మడత విప్పి పరచి ఉంచండి, మళ్లీ మడవొద్దు. తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. బేస్‌మెంట్, అటక రెండూ పనికిరావు.

ప్రశ్న అడిగినవారు

ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టొచ్చా?

కాగితం_డాక్టర్

400 డీపీఐలో స్కాన్ చేయించి ఆ ప్రింటును గోడకు పెట్టండి. యూవీని అడ్డుకునే అద్దం కాగితం పాడవడాన్ని నెమ్మదింపజేస్తుంది గానీ ఆపలేదు.

కోర్టు_కాగితాలు

నిర్దోషి అని ఆ రోజు తేలలేదండీ. 8-1 మెజారిటీతో కోర్టు అన్నది, 1954 విచారణ న్యాయంగా జరగలేదని. ఒహాయో రాష్ట్రం తగిన సమయంలో మళ్లీ విచారించాలి, లేకపోతే వదిలేయాలి. రెండో విచారణలో జ్యూరీ నిర్దోషి అన్నది 1966 నవంబర్ 16న. జూన్ 6న ఆయన జైలు నుంచి వచ్చిందీ లేదు, 1964 జూలై నుంచే బెయిల్ మీద బయట ఉన్నారు.

ఆ పేజీకి అసలు విలువ ఇంకో చోట ఉంది. జస్టిస్ టామ్ క్లార్క్ రాసిన తీర్పు చాలావరకు ఇలాంటి మొదటి పేజీల గురించే. క్లీవ్‌లాండ్‌లోని మూడు పేపర్ల కత్తిరింపులు అయిదు సంపుటాలు కోర్టు ముందున్నాయి. జ్యూరీకి పిలిచినవాళ్ల పేర్లూ చిరునామాలూ పేపర్లలో వచ్చేశాయి. 1954లో దోషి అని తేల్చిన 12 మంది జ్యూరీ సభ్యుల్లో ఏడుగురి ఇళ్లకు క్లీవ్‌లాండ్ పేపరు వస్తుండేది. ఇన్‌క్వెస్ట్ (మరణ కారణంపై బహిరంగ విచారణ) ఎందుకు లేదని 1954 జూలై 21న ప్రెస్ మొదటి పేజీలో నిలదీసింది, కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) ఆ రోజే ఇన్‌క్వెస్ట్‌కు పిలుపిచ్చాడు. అలాంటి రాతలను కోర్టు తప్పుపట్టిన వార్తను కూడా అదే పేపరు అచ్చేయాల్సి వచ్చింది, మీ చేతిలో ఉన్నది అది.

పాతపత్రికలు

అందుకే ఎడిషన్ గుర్తు రాసిపెట్టుకోండి. పత్రిక పేరుకు పక్కనో కిందో ‘హోమ్’, ‘ఫైనల్’ లాంటి మాటో, నక్షత్రాలో ఉంటాయి. సాయంత్రం పేపర్లు ఎడిషన్‌కో రకంగా మారేవి. 1954 జూలై 30 సంపాదకీయానికి మొదట పెట్టిన శీర్షిక షెపర్డ్ ఇంకా జైల్లో ఎందుకు లేడని అడిగింది, తర్వాత దాన్ని మార్చి నాన్చకుండా పట్టుకురమ్మన్నారు. ఆ రాత్రే ఆయన్ని అరెస్టు చేశారు. లైబ్రరీలో ఉండే మైక్రోఫిల్మ్ (పాత పేపర్లను చిన్నగా ఫొటో తీసిన ఫిల్మ్)తో మీ షీటు పోల్చేటప్పుడు తేడా కనిపిస్తే వెంటనే నకిలీ అనుకోకండి, ఫిల్మ్ తీసింది వేరే ఎడిషన్ కావచ్చు.