మూసీ నీళ్లను శుద్ధి చేసి తాగొచ్చా? తెలిసినోళ్లు చెప్పుండ్రి

మునుగోడు చెలక:
మాది మునుగోడు దిక్కు. మా నాయన ఫ్లోరైడున్న బోరు నీళ్లు తాగి నడుము, మోకాళ్లు పట్టుకపోయిన మనిషి. ఇప్పుడు ఇంట్ల భగీరథ నల్లా ఉంది, కృష్ణ నీళ్లు తాగుతున్నం. కాని సాగర్‌ల నీళ్లు అడుగంటిన ఎండాకాలం మళ్ల ఆ బోరు దిక్కే చూడాల్సి వస్తదేమోనని నా భయం.

పుట్టంగండి కాడ ఎత్తిన కృష్ణ నీళ్లు అక్కంపల్లికి వచ్చి, కోదండాపూర్‌ల శుద్ధి అయి పట్నం పోతయి. పట్నం వాడుకున్నంక మురుగై మూసీల పడి మళ్ల మన దిక్కే వస్తయి. నమీబియా రాజధాని విండ్‌హోక్‌ల 1968 నుంచే మురుగునీళ్లను శుద్ధి చేసి తాగుతున్నరట. మరి మనమెందుకు చేసుకోలేం?

కేతేపల్లి రైతు:
అన్నా, మూసీ ప్రాజెక్టు కింద మాకు పొలం ఉంది. నాట్లప్పుడు కాళ్లు దురద పెడతయి. వరి పండుతది గని ఆ నీళ్లు గొడ్లకు పెట్టాలన్నా మనసొప్పదు. ఎన్ని మిషన్లు పెట్టినా నేనైతే నోట్ల పోసుకోను.

నీళ్ల ల్యాబ్:
నేను నీళ్ల పరీక్షల పనిల ఉన్న. రైతన్న మాటను కొట్టేయలేం. ఆస్ట్రేలియాల టూవుంబా ఊరు 2006ల, కరువు నడుస్తుండంగనే, శుద్ధి చేసిన మురుగునీళ్లు తాగుడు వద్దని ఓటేసింది. టెక్సాస్‌ల విచిటా ఫాల్స్ మాత్రం 2014ల చెరువులు ఎండితే, శుద్ధి చేసిన మురుగునీళ్లను చెరువు నీళ్లతోని సగం సగం కలిపి, మళ్లొకసారి శుద్ధి చేసి ఏడాది దాక తాగింది. వానలు పడి చెరువులు నిండినంకనే ఆపింది.

ఇగ విండ్‌హోక్ సంగతి. అక్కడ ఫ్యాక్టరీల నీళ్లు వేరే పైపుల, వేరే ప్లాంటుకు పోతయి. తాగేటందుకు ఇండ్ల మురుగునే తీసుకుంటరు. ఓజోన్, బొగ్గు ఫిల్టర్, సన్నని పొరల వడపోత, ఆఖరికి క్లోరిన్. ఇంత చేసినంక గూడ మొత్తం సరఫరాల 35 శాతానికి మించి కలపరు. మన మూసీల మందుల కంపెనీల రసాయనాలు కలుస్తయి. క్రిములను చంపుడు పెద్ద పని కాదు. మందుల అవశేషాలు, కరిగిన లవణాలు, వీటిని మామూలు మురుగు ప్లాంటు పట్టదు. అంబర్‌పేట ప్లాంటు సామర్థ్యం రోజుకు 339 మిలియన్ లీటర్లు. కాని ఆ శుద్ధి నదిల వదిలేటందుకు, గ్లాసుల పోసేటందుకు కాదు. నా లెక్క ప్రకారం పని మోరీ కాడనే మొదలు కావాలె. ఫ్యాక్టరీ నీళ్లు, ఇండ్ల నీళ్లు వేరైతే తప్ప మూసీ నీళ్లు తాగునీళ్లని నేను ఎవరికీ చెప్పను.

మునుగోడు చెలక:
ఆర్వో పెడితే అన్నీ పోతయి గదా సార్? మా ఊరి ప్లాంటు ఫ్లోరైడునే తీస్తుంది.

నీళ్ల ల్యాబ్:
చాలా మటుకు పోతయి. కాలిఫోర్నియాల ఆరెంజ్ కౌంటీ 2008 నుంచి అట్లనే చేస్తుంది. సన్నపొర, ఆర్వో, ఆపైన అతినీలలోహిత కిరణాలు, తర్వాత భూమిల ఇంకించి మళ్ల తోడుకుంటరు. అయితే ఆర్వో వదిలే చిక్కటి ఉప్పునీళ్లు వాళ్లు సముద్రంల కలుపుతరు. మనకు సముద్రమేది? మీ ఊరి ప్లాంటు వెనక పైపు ఎక్కడ పడుతుందో ఒకసారి చూడండి. నేను చూసిన చాలా ఊర్లల్ల అది మోరీలకే పోతది. తీసిన ఫ్లోరైడు మళ్ల మన భూమికే.

బెంగళూరు 2018 నుంచి శుద్ధి చేసిన మురుగునీళ్లను కోలార్ చెరువులకు పంపుతుంది, తాగుటానికి కాదు, భూగర్భజలం పెరగాలని. మన దగ్గర శుద్ధి చేసిన నీళ్లు కంపెనీలకు, కట్టడాలకు, పొలాలకు ఇచ్చి, ఆ మేరకు కృష్ణ నీళ్లు కడుపుకు మిగిలించుడే ముందు చేయాల్సిన పని అంట నేను.

ఈలోపల మీ బోరు నీళ్లు పరీక్ష చేయించుండ్రి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాక ఫ్లోరైడు ఉంటే ఫర్వాలేదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాక. అంతకు మించితే ఆ బోరు బట్టలుతుకుడుకే. కాచి తాగితే పోతదనుకోకండి, కాగిన కొద్దీ ఫ్లోరైడు ఇంకా చిక్కబడతది.