సాన్‌తీలో వెనక మోకాలి నొప్పి, తోస్తే ముందు పాదం తేలిపోవడం

ప్రశ్న:
షింగ్‌యీ అనే చైనా యుద్ధకళలో సాన్‌తీ (ఒక కాలు, ఒక అరచెయ్యి ముందుకు పెట్టి మోకాళ్లు వంచి నిలబడే మూల భంగిమ)లో ఐదు నిమిషాలు నిలబడేసరికి వెనక మోకాలు లోపలివైపు నొప్పి. అందులో హెబేయ్ శాఖ పద్ధతి, వెనక కాలి మీద 70 శాతం బరువు, పాదాల మధ్య సుమారు 60 సెం.మీ. ఎవరైనా ముందు అరచేతిని తోస్తే ముందు పాదం తేలికైపోయి వెనక్కి తూలుతున్నాను. ఇంకా కిందికి కూర్చోమంటున్నారు, కూర్చుంటే నొప్పి పెరుగుతోంది. లోపం ఎక్కడండీ?

జవాబు 1:
మొదట మోకాలి సంగతి. వెనక పాదం 45 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటుంది కదా. కటిని బలవంతాన సూటిగా ముందుకు తిప్పితే తొడ లోపలికి తిరుగుతుంది, పాదం మాత్రం కదలదు. ఆ మెలికంతా మోకాలి మీదే పడుతుంది. మోకాలు తలుపు బందు లాంటిది, మడవడానికే తప్ప తిప్పడానికి కాదు. తిరగాల్సింది తుంటి కీలు. మోకాలిచిప్ప రెండో వేలి వైపు చూస్తోందో లేదో చూసుకోండి. చూడకపోతే కటిని వెనక కాలి వైపు కాస్త వదిలేయండి, ఛాతీ ఏటవాలుగా ఉన్నా నష్టం లేదు. అప్పటికీ కుదరకపోతే పాదం కోణం 30 డిగ్రీలకు తగ్గించండి.

రెండోది, పిరుదుల్ని మరీ లోపలికి ముడవడం. పిరుదులు ముడవమనే సూచన నడుము వంపు ఎక్కువున్నవాళ్లకు. అందరూ పాటిస్తే గజ్జల దగ్గర మడత పోతుంది, 'క్వా' అనేది ఆ చోటునే. అక్కడ అరచేతి అంచు పెట్టి కూర్చోండి. చెయ్యి మడతలో ఇరుక్కోకపోతే మీరు మోకాళ్లతో కూర్చుంటున్నట్టే. తొడ మంట పర్లేదు. కీలు నొప్పి మొదలైతే లేచిపోవాలి, వాపు ఉంటే డాక్టరుకి చూపించాలి.

జవాబు 2:
తూలడానికి కారణం చిన్న లెక్కలో ఉంది. మనిషి బరువు 60 కిలోలనుకోండి. 70 శాతం వెనక ఉంటే గురుత్వ కేంద్రం వెనక పాదానికి 18 సెం.మీ. ముందు ఉంటుంది. 120 సెం.మీ. ఎత్తులో తోస్తే 60×18÷120, అంటే 9 కిలోల తోపుకే ముందు పాదం మీద బరువు సున్నా. అదే 60 శాతమైతే 12 కిలోల దాకా ఆగుతుంది. పాదాల దూరం మార్చకుండా చెయ్యిని పది సెం.మీ. దించేలా కూర్చున్నా లాభం కిలో కూడా రాదు! దానికోసం మోకాళ్లు పాడుచేసుకోవడం దండగ.

అసలు పని చేసేది తాకిన చోట కొద్దిగా పైకి ఒత్తడం. మీరు 3 కిలోలు పైకి ఒత్తితే అంతే బరువు మీ చేతి మీద కిందికి పడుతుంది. చెయ్యి ముందు పాదం పైనే ఉంటుంది కాబట్టి 3×60÷120, ఇంకో కిలోన్నర తోపు తట్టుకుంటారు. అవతలివాడి పాదాలు తేలికై పట్టు కూడా తగ్గుతుంది. భుజం లేపి ఒత్తితే మాత్రం నడుము విరుచుకుపోతుంది. మోచెయ్యి కిందికి వేలాడుతూనే ఉండాలి.

బరువు ఎక్కడుందో మనసుకు తోచినది నమ్మకండి. వెనక పాదం కింద బరువు తూచే మిషన్, ముందు పాదం కింద అంతే ఎత్తు పలక పెట్టి చూడండి.

జవాబు 3:
పై లెక్క రెండు పాదాల గీత వెంబడి తోసినప్పుడే. ఆ గీతకు అడ్డంగా లాగితే ఆధారం చాలా ఇరుకు, ఎంత లోతుగా కూర్చున్నా పడతారు. అక్కడ అడుగు వేయాల్సిందే. ఇద్దరూ సాధన చేసేటప్పుడు తోపు రెండు మూడు కిలోలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. ఒక్కసారిగా తోస్తే ఎదుటివాళ్లు బిగుసుకోవడమే నేర్చుకుంటారు.