పాత విండోస్ 98: ఆన్ చేసినప్పుడు, ఆపినప్పుడు వచ్చే తెరలు మార్చాలా, వద్దా?

మల్లేశ్వరం_మేనల్లుడు
బెంగళూరు చిక్‌పేటలో మా మామయ్యకి పెళ్లికార్డుల ప్రెస్ ఉంది. అక్కడ విండోస్ 98 కంప్యూటర్ ఒకటి ఇంకా నడుస్తోంది. అను అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు దిద్దే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో చేసిన పాత ఫైళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి, కాబట్టి తీసేసే ఆలోచన లేదు. ఆన్ చేయగానే వచ్చే మేఘాల బొమ్మ బదులు వెంకన్న ఫొటో, కింద ప్రెస్ పేరు రావాలని మామయ్య కోరిక. ఆపేటప్పుడు వచ్చే రెండు తెరలూ తెలుగులో కావాలట. రాత్రి షాపు కట్టేసే కుర్రాడు హిందూపురం వాడు, తెలుగు తప్ప చదవలేడు. మా అన్నయ్యేమో "నడుస్తున్నదాన్ని కెలక్కు" అంటున్నాడు. మీరేమంటారు?

పాతపెట్టె
మీ అన్నయ్య మాటే నాదీ. విండోస్ 98కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2006 జూలై 11తోనే ఆగిపోయింది. ఇవాళ అది మొరాయిస్తే చూసేవాడు దొరకడమే కష్టం. ఆ బొమ్మ మార్చాలంటే సీ డ్రైవ్ మొదట్లోనే, విండోస్ లేవడానికి కావాల్సిన ఐఓ.సిస్, ఎంఎస్‌డాస్.సిస్ ఫైళ్లు ఉన్నచోటే పని చేయాలి. దాచిన ఫైళ్లు బయటికి తీసి, ఒకటనుకుని ఇంకొకటి తుడిచేస్తే ఆ మెషిన్ ఇక లేవదు. ఒక బొమ్మ కోసం పెళ్లిళ్ల సీజన్‌లో ఆ టెన్షన్ ఎందుకండీ?

ఇంకో మాట. అలా చెక్కుచెదరకుండా ఉన్న 98 కంప్యూటర్లు బెంగళూరు కంప్యూటర్ బజారు ఎస్‌పీ రోడ్డులో కూడా కనబడటం లేదు. వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచుకోవడంలో ఒక విలువ ఉంది.

అక్షరం_డీటీపీ
పాతపెట్టె గారూ, మీ భయం అర్థమైంది, కానీ ఇక్కడ అంత ప్రమాదం లేదు. 98లో ఆ మేఘాల బొమ్మ ఐఓ.సిస్ లోపలే ఉంటుంది. మనం దాన్ని ముట్టుకోం. సీ డ్రైవ్ మొదట్లో లోగో.సిస్ పేరుతో మన బొమ్మ పెడితే విండోస్ దాన్ని చూపిస్తుంది. అది తీసేస్తే పాత మేఘాలు వాటంతటవే తిరిగొస్తాయి. ఆపేటప్పుడు వచ్చేవి విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి: "ఆగండి" అనేది లోగోడబ్ల్యు.సిస్, "ఇప్పుడు ఆపవచ్చు" అనేది లోగోఎస్.సిస్. ఆ రెండింటికీ ముందు కాపీ తీసిపెట్టుకోవాలి.

పేరు చివర సిస్ అని ఉన్నా అవి మామూలు బిట్‌మ్యాప్ బొమ్మలే. 320 పిక్సెళ్ల వెడల్పు, 400 ఎత్తు, 256 రంగులు. విండోస్ దాన్ని తెరంతా సాగదీస్తుంది. అందుకని 640 బై 480లో బొమ్మ తయారుచేసుకుని, ఆఖర్న 320 బై 400కి నొక్కేయాలి. అప్పుడు ఫైల్లో స్వామివారు సన్నగా కనిపిస్తారు, తెర మీద సరిగ్గా వస్తారు. పెయింట్‌లోనే 256 రంగులకు సేవ్ చేస్తే ముఖం మీద మచ్చలు పడతాయి. ఇర్ఫాన్‌వ్యూ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో రంగులు తగ్గిస్తే బాగుంటుంది.

అసలు సంగతి వేరే ఉంది. తెలుగు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షరాల పద్ధతి, విండోస్‌లోకి వచ్చిందే 98 తర్వాతి ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్‌తో. 98 మనతో తెలుగులో మాట్లాడలేదు. బొమ్మ రూపంలో మాత్రం మాట్లాడగలదు. ఇన్నేళ్లు తెలుగు కార్డులు వేసిన మెషిన్ మీద తెలుగు కనబడాలని ఆయన కోరుకోవడంలో తప్పేముంది?

రిచీస్ట్రీట్_రిపేరు
చెన్నై నుంచి. నేను ఇద్దరితోనూ సగమే ఏకీభవిస్తాను. ఆ తెరలు అలంకారం కోసం పెట్టినవి కావు, కబురు చెప్పడానికి పెట్టినవి.

పాత ఏటీ రకం పవర్ సప్లై ఉన్న మెషిన్‌ను విండోస్ తనంతట తాను ఆపలేదు. పని ముగించి "ఇప్పుడు ఆపవచ్చు" అని చెప్పి కూర్చుంటుంది. మనిషే స్విచ్ నొక్కాలి. "ఆగండి" తెర ఉన్నప్పుడే నొక్కేస్తే డిస్క్ మీద రాయాల్సింది సగంలో పోతుంది, మర్నాడు ఆన్ చేయగానే డిస్క్‌ను తనిఖీ చేసే స్కాన్‌డిస్క్ మొదలవుతుంది. ఆ కుర్రాడికి అర్థం కావాల్సింది సరిగ్గా ఈ తేడానే. తెలుగులో పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ అక్కడ దేవుడి ఫొటో వద్దు. ఒకటి ఎర్ర రంగు మీద, ఇంకోటి ఆకుపచ్చ మీద, తెరకు మూడో వంతు ఎత్తున మందపాటి అక్షరాలు. సన్నటివి పెడితే బొమ్మను 320 బై 400కి కుదించినప్పుడు వత్తులు పగిలి చదవరావు. మీది తర్వాత వచ్చిన ఏటీఎక్స్ రకం అయితే సాధారణంగా తనే ఆగిపోతుంది, రెండో తెర కనిపించకపోవచ్చు.

మొదటి తెరలో కూడా ఒకటుంది. అడుగున పాకే రంగు పట్టీ చూసి మెషిన్ పనిచేస్తోందని తెలుసుకుంటాం. రంగుల పట్టికను తిప్పి చేసే కదలిక అది. మామూలుగా సేవ్ చేసిన ఫొటోలో కదలిక ఉండదు. ఆలస్యమైతే బిగుసుకుపోయిందేమోనని రీసెట్ నొక్కేస్తారు. ఎస్కేప్ కీ నొక్కితే బొమ్మ తొలగి వెనక అక్షరాలు కనిపిస్తాయని ఆ కుర్రాడికి చూపించండి.

పాతపెట్టె
ఐఓ.సిస్ జోలికి పోనక్కర్లేదంటే నా అభ్యంతరం కొంత తగ్గింది. ఆపే తెరలు ఆ కుర్రాడి కోసం మార్చడం న్యాయమే. మేఘాల బొమ్మ మాత్రం ఉండనివ్వండి అనే అంటాను. స్వామి పటం కంప్యూటర్ పైన గోడకి పెట్టుకోవచ్చు.

అక్షరం_డీటీపీ
గోడకి ఎలాగూ ఉంటుందండీ, ఏ ప్రెస్‌లో లేదు! పొద్దున షాపు తెరిచాక మొదట కనబడేది స్వామి కావాలనేది ఆయన పట్టింపు. మెషిన్ ఆయనది. పైగా ఒక్క ఫైల్ తుడిస్తే మేఘాలు వెనక్కి వచ్చేస్తాయి.

యలహంక_98
ఇది చదివి ఎవరైనా ఎక్స్‌పీలో కూడా ఇలాగే చేద్దామనుకుంటే ఆగండి. అక్కడ బొమ్మ విండోస్‌కి గుండెకాయ లాంటి ఎన్‌టీఓఎస్‌కెర్నల్ ఫైలు లోపల ఉంటుంది, 16 రంగులే. అది చెడితే విండోసే లేవదు. ఆ విషయంలో పాతపెట్టె గారి భయం నూటికి నూరు పాళ్లు నిజం.

మల్లేశ్వరం_మేనల్లుడు
చూశాను, మామయ్యది ఏటీ రకమే, ముందువైపు నొక్కుడు స్విచ్ ఉంది. ఆదివారం ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించి, ఆపే తెరలు రెండూ ఎరుపు, ఆకుపచ్చల్లో మార్చేస్తాను. మొదటి తెర సంగతి మామయ్య, అన్నయ్య ఇంకా తేల్చుకోలేదు.